రఫీక్ జ్వరం

"తిను, సచ్చినోడా. నువ్వు లేత్తేగానీ మా ఆయన రాడు" అంటూ రఫీక్ నోటి దగ్గర చెంచా పెట్టేదాన్ని. అతనికి తెలుగు ముక్క రాదు. నాకు బెంగాలీ రాదు. తిడుతున్నానని మాత్రం తెలిసేది కాబోలు, తల వంచుకుని బెల్లం కలిపిన చోడి జావ మింగేవాడు.

నేను అనకాపల్లిలో ఒక ఆసుపత్రిలో ఆయాను. పేరు బుల్లమ్మ. మాది పూడిమడక. మా ఆయన నానాజీ ఊరివాళ్ళతో కలిసి బోటు మీద చేపల వేటకెళ్ళి, మంచులో దారి తప్పి బంగ్లాదేశ్ నీళ్ళలోకి పోయాడు. పట్టుకుని జైల్లో పెట్టారు. శివరాత్రి వెళ్ళింది, ఉగాది వెళ్ళింది. మంచం మీద ఆయన పడుకునే వైపుకి నేను ఇప్పటికీ జరగను. ఇంట్లో పోట్లాడ్డానికి మనిషి లేకపోతే నాలాంటి నోరున్నదానికి ఎంత కష్టమో ఎవరికి చెప్పుకోను? కూర బాగులేదని వంక పెట్టేవాడు లేక, వండుకున్నది నాకే సహించడం లేదు.

అలాంటి రోజుల్లో బంగ్లాదేశ్ జాలరి రఫీక్ వాళ్ళ బోటు ఇంజను పాడై ఇటు కొట్టుకొచ్చింది. మా ఊరివాళ్ళే తాడు కట్టి ఒడ్డుకు లాగి, అన్నం పెట్టి, పోలీసులకు కబురు చేశారు. తక్కినవాళ్ళని తుఫాను షెల్టర్‌లో ఉంచి, ఒళ్ళు తెలియని జ్వరంతో ఉన్న ఇతన్ని మా వార్డుకు తెచ్చారు.

ఫిషరీస్ ఆఫీసరు త్రినాధరావు గారు వచ్చి నన్ను పక్కకు పిలిచారు.

"రెండు దేశాలోళ్ళూ మాటాడుకున్నారమ్మా. నడి సముద్రంలో ఆళ్ళ మనుషుల్ని మనం అప్పజెప్తాం, మనోళ్ళని ఆళ్ళు అప్పజెప్తారు. అందరినీ ఒక్కసారే. ఒక్కడు తగ్గినా ఆ రోజుకి ఆగిపోద్ది."

అప్పటి నుంచి రఫీక్ జ్వరం నా సొంత జ్వరం అయిపోయింది. పగలంతా అతని చుట్టూనే తిరిగాను. ఎట్టకేలకు తగ్గింది. డాక్టరు రాజశ్రీ గారు పరీక్ష చేసి, రేపు పొద్దున్నే పంపించొచ్చు అన్నారు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి దుప్పట్లు ఉతికాను, ఎండు నెత్తళ్ళు తెచ్చి పెట్టుకున్నాను. ఆ చేపలంటే ఆయనకి ప్రాణం.

పొద్దున వ్యాను వచ్చింది. దారిలో తింటాడని బెల్లం పొట్లం కట్టి రఫీక్ చేతిలో పెట్టాను. వేళ్ళు తగిలాయి. కాలిపోతున్నాయి. మెడ మీద చెయ్యి వేశాను. జ్వరం తిరగబెట్టింది.

అతను గబగబా చుట్టూ చూసి, పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. రెండు చేతులూ జోడించాడు. తర్వాత నేలకి ఇంతెత్తున అరచెయ్యి పట్టి, ఇంటి దగ్గర చిన్నపిల్ల ఉందని చూపించాడు. కళ్ళనిండా నీళ్ళు.

నాకు మాత్రం ఏం కావాలి? వ్యాను ఎక్కించేస్తే నా మొగుడు నా ఇంటికొస్తాడు. సంచి నేనే అందుకుని వరండా దాకా నడిచాను కూడా. అప్పుడు పాడు ఆలోచన ఒకటి వచ్చింది. ఒడ్డు కనబడని నీళ్ళ మీద ఇతనికి ముదిరితే ఎవరు చూస్తారు? అవతల ఒడ్డున కూడా ఇప్పుడు ఏ ఆయానో మా ఆయన సంచి మోస్తూ నడుస్తోందేమో. ఆయన ఒళ్ళు కాలుతున్నా నోరు మూసుకుందేమో. దాని జుట్టు పట్టుకుని లాగాలన్నంత కోపం వచ్చింది నాకు.

"డాక్టరమ్మా, ఈడికి మళ్ళీ జొరం వచ్చింది" అన్నాను.

వ్యాను ఖాళీగా వెళ్ళిపోయింది. రఫీక్ నా మొహం చూడలేదు. మా ఊరి ఆడవాళ్ళు ఫోన్లు చేసి నన్ను దుమ్మెత్తిపోశారు. వాళ్ళ మొగుళ్ళూ అక్కడే ఉన్నారు, ఎందుకు తిట్టరు?

మధ్యాహ్నం ఏదో కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. నానాజీ గొంతు. అధికారులు కాసేపు మాట్లాడుకోనిచ్చారట.

"బుల్లీ, ఓడెక్కించి దించేసేరే. అక్కడ ఎవుడికో జొరమంట. ఆకరి నిమిషంలో ఎవులో సెప్పేసేరంట."

"నేనే సెప్పేను, మావా."

అటువైపు నుంచి ఊపిరి మాత్రం వినబడింది. ఇన్ని నెలలకు విన్న ఆ ఊపిరిని చెవికి గట్టిగా అదుముకున్నాను.

"తిట్టు" అన్నాను. "తిడితే నాకూ కొంచెం హాయిగుంటాది."

తిట్టలేదు. అడిగాడు.

"ఆడు ఏటైనా తిన్నాడా?"

"లేదు. పొద్దుట్నించీ గోడేపు తిరిగి పడుకున్నాడు."

"ఓడ దించేసేక నేనూ తిన్లేదు" అన్నాడు. "ఎల్లి తినిపించు. ఆడూ ఇంటికెల్లాల్సినోడే కదేటి."

ఫోను ఎవరో తీసేసుకున్నారు. నేను చెంగుతో మొహం తుడుచుకుని వార్డులోకి వెళ్ళాను. రఫీక్ భుజం పట్టి ఇటు తిప్పాను.

"మా ఆయన తినమన్నాడు" అన్నాను.