ఇరవై మూడో సంతకం

చిట్టి చేతిలోని ప్రాక్టీస్ పుస్తకంలో ఇరవై మూడు పనులున్నాయి. ఒక్కోటీ ఈ వృద్ధాశ్రమంలో పెద్ద సిస్టర్ కళ్ళముందు చేసి చూపిస్తేనే ఆవిడ సంతకం పెడుతుంది. అన్ని సంతకాలూ పడితేనే నర్సింగ్ చదువు పూర్తయినట్టు, వచ్చే నెల ఉద్యోగం దక్కినట్టు. చివరిదైన పన్నెండో వారం మొదలయ్యేసరికి ఒక్క గడి మిగిలింది: చనిపోయిన మనిషిని శుభ్రం చేసి సిద్ధం చేయడం.

"బొమ్మ మీద చేసి చూపిస్తే కుదరదా సిస్టర్?"

"ఈ ఒక్కటీ కుదరదు. శుక్రవారంలోపు కాకపోతే మళ్ళీ పన్నెండు వారాలు" అంది పెద్ద సిస్టర్, థర్మామీటర్ తుడుస్తూ.

ఆశ్రమంలో ఉన్నవాళ్ళు పద్దెనిమిది మంది. ఆ వారం ఒక్కరికీ జలుబైనా చెయ్యలేదు. పొద్దున్నే బీపీ చూస్తుంటే, అంకెలు బాగున్నప్పుడల్లా చిట్టికి లోపల చిన్న నిరాశ. అది తెలిసి తన మీద తనకే అసహ్యం వేసింది.

మంగళవారం ఏడో గదిలో టైలరమ్మకి జడ వేస్తోంది. ఊళ్ళో సగం మందికి బట్టలు కుట్టిన మనిషి, మాటలూ కత్తిరించినట్టే ఉంటాయి.

"అదొక్కటే మిగిలిందటగా?" అంది అద్దంలోంచి చూస్తూ.

"మీకెవరు చెప్పారు అమ్మమ్మా?"

"ఒకరు చెప్పాలా? వచ్చిన ప్రతి పిల్లకీ అదే మిగులుతుంది. కిందటిసారి పోస్టుమాస్టారు చూసుకున్నాడు. అంతకుముందు లెక్కల టీచరు. ఈసారి వంతు నాది. శుక్రవారం పొద్దున తలంటు పోసుకుంటాలే."

ముసలావిడ ఆటపట్టిస్తోందనుకుని చిట్టి నవ్వేసింది. కానీ మధ్యాహ్నం ఉండబట్టలేక రిజిస్టర్ తిరగేసింది. ఇప్పటిదాకా ఆరుగురు విద్యార్థులొచ్చారు. ఆరుగురికీ చివరి శుక్రవారమే ఒక మరణం. ఆరుసార్లూ వేళ ఉదయం పది, పెద్ద సిస్టర్ రౌండ్లకొచ్చే సమయం. చిట్టి రిజిస్టర్ టక్కున మూసేసింది.

శుక్రవారం తొమ్మిదిన్నరకి ఏడో గది తలుపు తీసింది. టైలరమ్మ ఇస్త్రీ బట్టల్లో, తడి జుట్టు దిండు మీద పరుచుకుని పడుకునుంది. పక్కన తువ్వాలు, సబ్బు, దువ్వెన వరుసగా పెట్టి ఉన్నాయి.

"సిస్టర్ని పిలువు, వేళవుతోంది" అంది కళ్ళు తెరవకుండానే.

చిట్టి ఒక్క పరుగున పెద్ద సిస్టర్ గదికెళ్ళి, తన పుస్తకంలో ఆ ఇరవై మూడో గడిని అడ్డంగా కొట్టేసింది. "నాకిది వద్దు సిస్టర్. మళ్ళీ పన్నెండు వారాలు చేస్తాను."

"ఇలా అన్నదానివి నువ్వే మొదలు" అంది పెద్ద సిస్టర్.

పది దాటింది. టైలరమ్మ లేచి కూర్చుని, మూతి ముడుచుకుని కాఫీ అడిగింది. ఉద్యోగం పోయిందన్న దిగులు కూడా గుర్తురానంత తేలికగా చిట్టి ఏడ్చింది.

సోమవారం కొత్తగా ఇంకో విద్యార్థిని వచ్చింది. ఆమెని వెంటబెట్టుకుని చిట్టి హాల్లోకి వచ్చింది. టైలరమ్మ తలంటుకుని ముందు కుర్చీలో కూర్చునుంది. పక్కన, నెలకోసారైనా గడ్డం గీయించుకోని బస్సు డ్రైవరు తాత, నున్నగా గీయించుకుని ఉన్నాడు.

"తాతా, ఏంటివాళ ఈ ముస్తాబు?" అంది చిట్టి.

డ్రైవరు తాత కొత్తమ్మాయి వైపు నవ్వుతూ చెయ్యూపాడు.

"తొందరేం లేదులే, పన్నెండు వారాలుంది" అంది టైలరమ్మ. "ఈసారి మీరిద్దరు కదా."