రెండో కడ్డీ

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు, కోతల కాలంలో, మిర్యాలగూడలోని లీలావతి బియ్యం మిల్లులో బాయిలర్ పొయ్యి లోపలి ఇనుప పలక ఒరిగిపోయింది. ఊక మంటను మళ్లించడానికి రెండు కడ్డీలకు వేలాడదీసిన బరువైన పలక అది. ఒక కడ్డీ తెగేసరికి మంట తలుపులోంచి బయటికి ఎగదన్నింది. ఊక ఎగదోస్తున్న రంగికి మోచెయ్యి కాలింది. ఆమెను బండి మీద దవాఖానకు పంపించారు.

భర్త పోయాక లీలావతే మిల్లు నడుపుతోంది. యంత్రాల సంగతి ఆమెకు పెద్దగా తెలియదు. ఆ కడ్డీలు మామూలు ఇనుము కాదనీ, క్రోమియం, నికెల్ కలిపిన ఉక్కనీ, ఎంత మంటకైనా తట్టుకుంటాయనీ అమ్మినవాళ్లు చెప్పగా విన్నది. అలాంటిది తెగిందంటే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు.

మరిది వెంకటయ్య తెగిన ముక్కను తెచ్చి ఆమె ముందు పెట్టాడు. తెగిన చోట సగం నల్లగా, సగం మెరుస్తూ ఉంది.

"సూడు వదినా. నల్లగున్నది పాత కోత. ఎన్నడో రంపంతోటి సగం కోసి పెట్టిండు. సైదులు గాక ఇంకెవడు? వాని తమ్ముడు సంఘంల తిరుగుతుండు."

సైదులు నిడమనూరు మనిషి. ఏళ్లుగా ఆ పొయ్యి చూసేది అతనే. వెంకటయ్య అప్పటికే అతన్ని ఊక కొట్టంలో వేసి గొళ్లెం పెట్టించాడు. కమ్యూనిస్టుల సంఘం మనిషని ఒక్క మాట పోలీసు క్యాంపుకు చేరితే చాలు, పోయినవాడు తిరిగొస్తాడన్న నమ్మకం లేని రోజులవి.

లీలావతి కొట్టం తలుపు తీయించింది.

"సైదులూ, నిజం చెప్పు. నువ్వు కోసినవా?"

"నేనెందుకు కోస్తనమ్మా? పలక కిందికి దిగుతున్నదని దసరాకే చెప్తిని. నట్లు బిగించుమంటిరి. బిగించిన. మల్ల దిగింది."

నిజమే, చెప్పాడు. నట్లు వదులై ఉంటాయని అప్పుడామె అనుకుంది.

"పొద్దుగాల క్యాంపుల అప్పజెప్తా" అన్నాడు వెంకటయ్య.

"ఆగు. కోదాడ నుంచి దావీదును పిలిపిస్తా. రెండో కడ్డీ గూడ దింపించి సూద్దాం."

"అది మంచిగనే ఉన్నది గద! రేపటిదాంక పొయ్యి ఆర్పి పెడితే ఉప్పుడు బియ్యానికి నానబెట్టిన వడ్లన్నీ మురుగుతయి."

"మురగనీ" అంది. కొట్టానికి మాత్రం మళ్లీ గొళ్లెం పడింది.

దావీదు రైల్వే వర్క్‌షాపులో చాలాకాలం పనిచేసిన మిస్త్రీ. మర్నాడు మధ్యాహ్నం వచ్చి, చల్లారిన పొయ్యిలోంచి రెండో కడ్డీని దింపించాడు. గోదాములో వాడకుండా మిగిలిన అదే కొలత కడ్డీ పక్కన పెడితే ఇది వేలెడు ఎక్కువ పొడుగుంది. మధ్యలో సన్నబడింది. ఆ సన్నబడిన చోట కోసి, ఆకురాయితో నున్నగా రుద్ది, భూతద్దం లీలావతి చేతికిచ్చాడు.

మెరిసే ఉక్కులో సూదిమొనతో పొడిచినట్టు రంధ్రాలు. కొన్నిచోట్ల అవి ఒకదానితో ఒకటి కలిసి వెంట్రుకంత చీలికలయ్యాయి. అంచున ఉన్న చీలికలు మంట తగిలి నల్లబడ్డాయి.

"ఎర్రగా కాలుతూ, అంత బరువు మోస్తూ ఏళ్లకేళ్లు వేలాడితే ఎంత మంచి ఉక్కయినా కొద్దికొద్దిగా సాగుద్దండీ అమ్మగారూ. సాగే కొద్దీ లోపల బొక్కలు పడతాయి. అవన్నీ కలిసి చీలికవుద్ది. ఇంకేముంది, ఒకనాడు పుటుక్కున తెగుద్ది. ముందే చీలిన చోటు మంటకు మాడి నల్లబడుద్ది. రంపం పెడితే గీతలుండాలి గదండీ? తెగిన ఆ ముక్క మీద ఒక్కటీ లేదు. తెగిన చోటంతా పంచదార పలుకుల్లాగుంది."

వెంకటయ్య కూడా భూతద్దం అందుకుని చాలాసేపు చూశాడు.

"అయితే ఇది గూడ తెగుతుండెనా?"

"ఎన్నాళ్లో పట్టేది కాదండీ."

వెంకటయ్య భూతద్దం బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

లీలావతి వెళ్లి గొళ్లెం తానే తీసింది. సైదులు బయటికొచ్చి ఒంటి మీది ఊక దులుపుకున్నాడు.

"తప్పయింది సైదులూ. కడ్డీ దానంతటదే తెగింది. కొత్తయి ఏయిస్తున్న. పనిలకు రా."

"కొత్తయి గూడ సాగుతయి గదమ్మా. అప్పుడప్పుడు పొడుగు కొలిపియ్యుండ్రి." కండువా భుజాన వేసుకున్నాడు. "నేనైతే రాను. గొళ్లెం పడ్డంక ఇగ గా పొయ్యి కాడ నిలవడబుద్ది అయితలేదు."

ఆమె ఇంకోసారి అడగలేదు. రంగి చెయ్యి మానాక పనిలోకి వచ్చింది. సైదులు సూర్యాపేట పోయి ఇటుక బట్టీలో కుదిరాడు. ఒకసారి లీలావతి అటు వెళ్లే మనిషితో కబురంపింది. బట్టీ పని బాగనే ఉన్నదని చెప్పమన్నాడట.