నూరు మీటర్లకు చోటు

తిరుపతిలో మా బడి గ్రౌండుకు ముప్పై ఏండ్లు నేనే గీతలు గీసినాను. నేను చేరినప్పుడు పరుగు బాట నాలుగు నూర్ల మీటర్లు. తూర్పున వేరుశనగ చేను, నడుమ కంచె కూడా లేదు. పిల్లోళ్లు పరిగెత్తే జోరులో చేనులో పడి, కాయలు పెరుక్కొని వచ్చేవాళ్లు. తర్వాత ఆ తట్టు హాస్టలు లేచింది, బాట రెండు నూర్లయింది. బస్సుల షెడ్డు వచ్చినాక వంపులు పోయి, తిన్నగా నూరు మాత్రం మిగిలింది. నేను రిటైరై వడమాలపేటకు పోయినాక ఆ నూటికీ అడ్డంగా కొత్త తరగతులు కట్టేసినారు.

మొన్న పీటీ టీచరు అమల ఫోన్ చేసింది. ఆ బడిలోనే చదివిన మనిషి. నేను గీసిన గీతల మీదే పరిగెత్తింది.

"కుప్పయ్యన్నా, సోమవారం చిత్తూరులో సెలెక్షను. మా తొమ్మిదో తరగతి కోమలి ఒక్క తూరి కూడా నూరు నిండా పరిగెత్తలేదు. ఎనభైకే గోడ తగులుతుండాది. ఆఖర్న జోరు తగ్గించేది అలవాటైపోయింది దానికి. ఒకసారి వచ్చి సూడన్నా."

శనివారం పొద్దున, పది మీటర్లకొక ముడి వేసిన పాత తాడు సంకలో పెట్టుకొని బస్సెక్కినాను.

గ్రౌండు నిలువు కొలిస్తే ఎనభై. అడ్డం యాభై ఐదు. వంటగది మూల నుంచి గేటు మూలకు ఐమూలగా తాడు పట్టినాను. తొంభై ఏడు.

"మూడు తక్కువాయె," అని అమల నేలమీదే కూర్చుండిపోయింది.

"గేటు తెరిపించమ్మా," అన్నాను.

చిల్లుల డబ్బాలో సున్నం పొడి పోసుకొని గీసుకుంటా పోయినాను. గేటు దాటి, తారు రోడ్డు మీద ఆఖరి గీత గీసినాను. ఒక ఆటో వచ్చి హారన్ కొట్టింది.

"ఏం పెద్దాయనా, మీ నాయన రోడ్డా ఇది?" అన్నాడు ఆటో అతను.

గేటు కాడ పూలమ్మే అక్కమ్మ, బుట్ట నెత్తిన పెట్టుకొనే పోయి ఆటోకు అడ్డం నిలబడింది.

"బడి నేలంతా కట్టడాలు తినేస్తే అడగలేదే నువ్వు! మూడు మీటర్లకు నోరు లేస్తుండాదా? నిలబడబ్బా, పాప వస్తాండాది."

అమల ఆఖరి గీత కాడ నిలబడి విజిల్ వేసింది. వంటగది మూల నుంచి కోమలి లేచింది. గేటు దగ్గర పడేసరికి అడుగు తడబడింది. అయిపాయె అనుకున్నాను. తల వంచి, తెరిచిన గేటులోంచి దూసుకొచ్చింది. గీత దాటి, ఎదురు సందులో టీ బంకు దాకా పోయి ఆగింది.

"ఎంతమ్మా?" అన్నాను.

అమల చేతిలో గడియారం చూసుకోనేలేదు. "తగ్గలేదన్నా," అనింది. "యాడా తగ్గలేదు."

ఆటో అతను ఇంజను ఆపేసి దిగినాడు.

"ఇంకో తూరి పరిగెత్తుతాదా అక్కా?" అని అక్కమ్మను అడిగినాడు.