డ్రమ్ము నిండితేనే మాట

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నా పళ్ళన్నీ రాలిపోవాలి. మిగిలినవి రెండే అనుకో, అయినా ఒట్టు ఒట్టే.

లాండ్రీ అత్తయ్య పొద్దున్నే షట్టరు ఎత్తేసరికి ఊరు ఊరంతా మాసిన బట్టల మూటలతో గుమ్మంలో నిలబడి ఉండేది. నీళ్ళు తగిలితే బట్టలు మాట్లాడతాయి కదా, ఆవిడ చెవిన పడ్డ మాట గడప దాటదని జనానికి ధీమా. "ఈ చొక్కా కాస్త వాగుడుకాయ, అత్తయ్యా" అని గొంతు తగ్గించి అప్పగించేవారు.

ఒకరోజు నీళ్ళ ఆఫీసులో ఇంజనీరైన ఆవిడ అల్లుడు రొప్పుతూ వచ్చాడు. ఊళ్ళో పిల్లలకి వాంతులు, విరేచనాలు. అతని కూతురూ ఆసుపత్రిలో సెలైన్‌తో పడుకుని ఉంది.

"ఎక్కడో గొట్టంలో మురుగు కలుస్తోందత్తయ్యా. ఊరంతా తవ్వుకుంటూ పోతే ఈ పిల్లలకి పెళ్ళిళ్ళయిపోతాయి. ఆసుపత్రికి వచ్చింది కొందరే. ఇళ్ళల్లో ఇంకెవరెవరు పడున్నారో మీ బట్టలకి తెలుసు. పేర్లు చెప్పండి, చాలు!"

"పేర్లు చెప్పేదాన్నయితే నీ పెళ్ళికి ముందే నీ గురించి చెప్పేదాన్ని, బాబూ."

అతను ఆగలేక ఒక దుప్పటిని బకెట్లో ముంచాడు. "మా అయ్యగారు రాత్రి..." అని అది మొదలెట్టిందో లేదో, అత్తయ్య లాక్కుని నోరు నొక్కేసింది.

"ఒంటరి గుడ్డకి సిగ్గుండదు! ఉండు, నేను చూస్తాగా."

కత్తెర తీసి పేర్ల చీటీలన్నీ కత్తిరించి పారేసింది. మూటకి వీధిని బట్టి రంగు దారం కట్టడం ఆవిడ పద్ధతి. ఆ దారాలు చూసి వీధికో వాషింగ్ మెషీన్ డ్రమ్ము నింపింది.

"ఆ ఎర్రదారం మూటలు పక్కన పెట్టేశారేం?"

"మూడిళ్ళ సందు. మూడిళ్ళంటే పేరు పెట్టి పిలిచినట్టే. పక్కనున్న ఆకుపచ్చ వీధిలో కలిపేస్తా."

"లెక్క తప్పుతుంది!"

"అందులో నీ చొక్కాలూ ఉన్నాయి. విడిగా తిప్పమంటావా?"

అల్లుడు గబగబా ఆ మూటల్ని తనే ఆకుపచ్చ డ్రమ్ములో కుక్కాడు.

డ్రమ్ములు తిరిగాయి. వెయ్యి గొంతులు ఒక్కసారిగా లేచాయి, ఏది ఎవరిదో దేవుడికైనా తెలియదు. పసుపు వీధి కిసుక్కుమంది. నీలం వీధి పై అధికారిని తిట్టింది. ఆకుపచ్చ వీధి మాత్రం "కడుపు! అమ్మో, కడుపు!" అని మూలిగిన మూలుగుకి నాలుగూళ్ళ పావురాలు లేచిపోయాయి.

అల్లుడు పరిగెత్తాడు. ఆకుపచ్చ వీధి మలుపులో తవ్వితే, పగిలిన గొట్టం మురుక్కాలువని ఆనుకుని దొరికింది. చీకటి పడేలోపు అతికించారు.

తర్వాత వారమంతా ఊళ్ళో సగం మంది పక్కింటివాళ్ళ ప్యాంట్లలో తిరిగారు. ఒక్కరూ విసుక్కోలేదు. కోలుకున్న మనవరాలు ఆసుపత్రి నుంచి అత్తయ్య చంకనెక్కి ఇంటికొస్తూ అడిగింది:

"అమ్మమ్మా, ఎవరి బట్టలు చెప్పాయి?"

"వీధి చెప్పిందే, తల్లీ."

అంతే. ఇంక లే, పక్కింటికెళ్ళి గుప్పెడు చక్కెర పట్టుకురా. ఎవరికని అడిగితే మన వీధికని చెప్పు. నాకని మాత్రం అనకు, డాక్టరు వద్దన్నాడు.