మందతో పోయిన కోనా

తెల్లారగానే పడిపోయిన కంచె ఎత్తడం కోనాకు అలవాటైన పని. అడవిదున్నలన్నీ చచ్చిపోయి ఆరేళ్ళయినా, మంచు పడగానే మంద మాత్రం ఆ మైదానం మీదుగా ఉత్తరానికి పోతూనే ఉండేది. పశువు కంటికి కనబడేది కాదు. గిట్టల చప్పుడు వినబడేది, మంచు పొడి లేచేది, కంచె కూలేది.

"మళ్ళీ వచ్చి పోయాయి. గుంజలు పాతండి," అనేవాడు గిల్‌క్రిస్ట్ దొర. కోనా వాళ్ళ క్రీ ఆదివాసీ జనానికి సేద్యం నేర్పమని సర్కారు పంపిన మనిషి.

ఆ ఏడు కెనడాలో చాలా జరిగాయి. వసంతంలో ఏటి అవతల తిరుగుబాటు లేచింది, సర్కారు అణిచేసింది. చలి ముదిరేలోగా తూర్పు నుంచి పడమటి సముద్రం దాకా రైలు పట్టాలు కలిశాయి. పట్నంలో సంబరాలు చేశారట. కోనా వాళ్ళ పల్లెలో ఒక్కరూ తుపాకి పట్టలేదు. అయినా దొర చీటీ లేనిదే ఎవరూ హద్దు దాటకూడదని కట్టడి వచ్చిపడింది.

సరిగ్గా అప్పుడే, ఉత్తరాన మూడు రోజుల నడక దూరంలో ఉన్న చెల్లెలు నీపిన్‌కు నెలలు నిండాయని కబురొచ్చింది. ముందు రెండు కాన్పుల్లోనూ, కోనాకు కబురు అందేలోపే, బిడ్డ అడ్డం తిరిగి చనిపోయింది.

"వారం రోజులకు చీటీ ఇప్పించండి దొరా," అని అడిగింది కోనా.

"అక్కడ ఆడాళ్ళు లేరా?"

"ఉన్నారు. కడుపులో బిడ్డను తిప్పడం తెలిసింది మా అమ్మకూ నాకూ మాత్రమే. అమ్మకు మోకాళ్ళు పోయాయి."

"కట్టెలు కొట్టడం అయ్యాక చూద్దాం."

"అప్పటిదాకా బిడ్డ ఆగుతుందా?"

"ఆగమని చెప్పు," అని తన మాటకు తనే నవ్వుకున్నాడు దొర.

ఇంట్లో తల్లి అంతా విని, "మందతో పో," అంది.

"అది పోవడమే గాని తిరిగి రాదమ్మా. చీటీ లేకుండా దొరికితే నన్ను కొట్లో వేస్తారు. మళ్ళీ నీ దగ్గరికి ఎలా వచ్చేది?"

"రాలేవులే. నాకు నా అన్న పిల్లలున్నారు. నీ చెల్లికెవరున్నారే?"

మర్నాడు మధ్యాహ్నం మంద వచ్చింది. హద్దు దగ్గర కాపలా జవాను, ఎప్పటిలాగే, గుర్రాన్ని పక్కకు తీసి మొహానికి గుడ్డ కప్పుకున్నాడు. కోనా ఆ మంచు పొడిలోకి అడుగుపెట్టింది. రెండు వైపులా వేడి ఊపిరి తగిలింది. తూలినప్పుడల్లా చేతికి దట్టమైన బొచ్చు అందేది. ఆమె అడుగుల్ని వెనక వచ్చే గిట్టలు తొక్కేశాయి.

కోనా నీపిన్ దగ్గరికి చేరేసరికి, బిడ్డ ఈసారీ అడ్డంగానే ఉంది. సగం రోజు పట్టింది తిప్పడానికి. ఆడపిల్ల, పుట్టగానే గుక్కపట్టి ఏడ్చింది.

నెల తర్వాత, చీటీ దొరికిన ఒక ముసలాయన కోనా పల్లె నుంచి వచ్చాడు.

"కూతురేదని దొర మీ అమ్మను అడిగితే, మంద తొక్కేసిందని చెప్పింది. ఆయన టోపీ తీసి, పల్లె జాబితాలోంచి నీ పేరు కొట్టేశాడు. ఇక నిన్నెవరూ వెతకరు," అన్నాడు.

నీపిన్ పకపకా నవ్వింది. కోనా నవ్వలేదు.

"చెప్పేటప్పుడు అమ్మ ఏడ్చిందా, తాతా?"

"ఏడ్చింది."

"దొర నమ్మాలనా?"

ముసలాయన పొయ్యికేసి చూశాడు. "దొర వెళ్ళిపోయాక కూడా ఏడుస్తూనే ఉందమ్మా."