లార్షే గారి సారబాండ్

పక్షవాతంతో కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాక లార్షే గారికి మిగిలిన కోరిక ఒక్కటే. పోయిన భార్య కోసం తాను కట్టిన సూట్‌ను, అంటే నృత్యాల బాణీల వరుసను, అందులోనూ ఆవిడ ఆడిన సారబాండ్ అనే నెమ్మది నాట్యపు బాణీని, చచ్చేలోగా ఒక్కసారి వినాలి. రోజూ పొద్దున్నే ఆ స్వరాలు రాసిన కాగితాలను ఎడమ చేత్తో కూతురు పెరీన్ ఒళ్ళోకి తోసేవాడు.

నాన్న వాయించే హార్ప్సికార్డ్, పియానోలాంటి ఆ మీటల వాద్యం, పెరీన్‌కు రాదు. చిన్నప్పుడు పాఠమనగానే సెయిన్ నది ఒడ్డుకు ఉడాయించిన రకం. ఆయన శిష్యుల్లో సగం మంది పోయారు. మిగతా సగం ఇటలీ సొనాటాల మోజులో పడి గురువు గుమ్మమే మరిచారు, విశ్వాసంలేని మనుషులు. వెతగ్గా వెతగ్గా వాల్‌క్రోజ్ దొరికాడు. టురిన్‌లో, రాసింది రాసినట్టే వాయించే ఇటలీవాళ్ళ దగ్గర, నేర్చుకుని వచ్చిన అతని వేళ్ళ గురించే ఆ ఏడు ప్యారిస్ అంతా చెప్పుకుంటోంది.

వాల్‌క్రోజ్ వాయించాడు. తప్పు ఒక్కటీ పోలేదు. ముసలాయన కుర్చీ చేతిని దబదబా బాదాడు.

"ఉన్నది ఉన్నట్టే వాయించానండీ," అన్నాడతను బిత్తరపోయి.

"అదే వచ్చిన చిక్కు," అంది పెరీన్.

కాగితం మీద స్వరాలన్నీ సమానంగానే ఉంటాయి. వాయించేటప్పుడు మాత్రం ఒకదాన్ని సాగదీసి పక్కదాన్ని కురచ చేయాలి. ఎంత సాగదీయాలో ఏ ఫ్రెంచివాడూ రాయడు, అందరికీ తెలిసిందేనని ధీమా. రాసి పెట్టొచ్చు కదా నాన్నా అని పెరీన్ ఒకప్పుడు అడిగింది కూడా. "ముక్కుతో గాలి పీల్చమని కూడా రాయమంటావుటే పిల్లా?" అని ఆయన పడీ పడీ నవ్వాడు.

ఇప్పుడు పెరీన్ గుర్తున్నంత మేర పాడి చూపించింది. వాల్‌క్రోజ్ అది విని వాయించి చూశాడు.

"ఇలాగా?"

"కుంటుతోందండీ."

"పోనీ, ఇలా?"

"ఇప్పుడు తూలుతోంది. మా అమ్మ ఆడిన ఆట అది, తాగినవాడి నడక కాదు!"

లార్షే ఎడమ చెయ్యి పైకెత్తాడు. గాలిలో తాళం చూపించబోయాడు. ఆ చెయ్యి కూడా వణుకుతోంది. అందులో రోగం ఎంతో, నాట్యం ఎంతో పెరీన్ పోల్చుకోలేకపోయింది. కాసేపటికి చెయ్యి ఒళ్ళో పడింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు, చెంపల మీద నీళ్ళు కారాయి. మర్నాటి నుంచి కాగితాలు తోయడం మానేశాడు. చలికాలం రాకముందే పోయాడు.

వాల్‌క్రోజ్ మంచివాడే, అదే ఖర్మ. గురుభక్తితో ఆ సూట్‌ను అచ్చు వేయించి పెద్దపెద్ద ఇళ్ళలో వాయించాడు, రాసింది రాసినట్టే. అందరూ మెచ్చుకున్నారు.

"మీ నాన్నగారు ఎంత నిలకడగా కట్టారమ్మా! గడియారం నడిచినట్టుంది," అందొక జమీందారిణి.

"అవునండీ," అని పెరీన్ మోకాలు వంచి దణ్ణం పెట్టింది.

ఇంటికి వెళ్తూ వంతెన మీద ఆగింది. దిగులు తట్టుకోలేక, కనీసం తన కోసమైనా నాన్న వాయించిన తీరు తలుచుకుని కూనిరాగం తీసింది. వాల్‌క్రోజ్ వాయించిన తీరే నోటికి వచ్చింది. ఆపి, గుండె దిటవు చేసుకుని మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ అదే సమానంగా వచ్చింది.