టోయివో మంచె

మిషిగన్ ఉత్తరపు అడవిలో టోయివో ఇరవై ఏళ్లుగా ఒకే మంచె మీద కూర్చుని దుప్పులను వేటాడుతున్నాడు. చెల్లెలు ఐలా అలా కాదు. నడుముకు వెడల్పాటి పట్టీ కట్టుకుని, తాడుతో రోజుకో చెట్టెక్కి, ఆ తాడుకే వేలాడుతూ విల్లు పడుతుంది.

"యాభై ఎనిమిదేళ్లొచ్చాయి, ఆరేసిన కోటులా ఆ వేలాడ్డమేంటే?" అన్నాడు టోయివో ఆ రోజు మంచె ఎక్కుతూ.

"నువ్వు కదలకుండా కూర్చో అన్నయ్యా. అది నీకు బాగా వచ్చు" అంది ఐలా.

కిందటి వారం ఆమె పొదల అంచున ఒక్కచోటే కుప్పగా పడ్డ గిట్టల గుర్తులు చూసింది. అక్కణ్ణుంచి చూస్తే కొమ్మల సందులోంచి అన్న మంచె కనిపిస్తుంది. ఆ గుర్తుల పక్కనున్న మేపుల్ చెట్టునే ఇవాళ ఎక్కింది.

పొద్దు వాలుతుండగా పది కొనల కొమ్ములతో ముసలి దుప్పి వచ్చింది. ఐలా కాళ్లు మానుకు తన్నిపెట్టి, చప్పుడు కాకుండా అవతలి వైపుకు జరిగి దాక్కుంది. దుప్పి సరిగ్గా ఆ గుర్తుల మీదే ఆగి, మెడ చాచి మంచె వైపు చూసింది. ఐలా మాను చాటునుంచి ఇవతలికి తిరిగి బాణం వదిలింది. నలభై అడుగులు పరిగెత్తి అది కూలిపోయింది.

ఆమె వేసిన కేకకు అడవంతా మారుమోగింది. తాడు మీద జారి దిగేసరికి టోయివో రొప్పుతూ వచ్చాడు.

"ఇన్నేళ్లలో నేను దీని తోక కూడా చూళ్లేదు! నీ చెట్టు దగ్గరే ఎలా ఆగిందే?"

"నువ్వొచ్చావో లేదో చూసుకోడానికి అన్నయ్యా! రోజూ ఇక్కడే ఆగేది. ఆ మంచె మాత్రం పీకెయ్యకు, వచ్చే ఏడాదికీ కావాలి."